ఒక్క ఆపరేషనా, రెండా? రొమ్ము పునర్నిర్మాణంలో దూరం లెక్క

రొమ్ము క్యాన్సర్ వల్ల రొమ్మును పూర్తిగా తీసేయాల్సి వచ్చినప్పుడు, పోయిన ఆకారాన్ని తిరిగి నిలబెట్టే పద్ధతులు వైద్యంలో ఉన్నాయి. కృత్రిమ పరికరంతో చేసేవి వాటిలో రెండు. మొదటిది, రొమ్ము తీసిన ఆపరేషన్‌లోనే సిలికాన్ ఇంప్లాంట్ పెట్టేయడం. రెండోది, ముందు టిష్యూ ఎక్స్‌పాండర్ అనే సంచిని పెట్టి, కొన్ని వారాలపాటు అందులోకి సెలైన్ ఎక్కిస్తూ చర్మాన్ని సాగదీసి, నెలల తర్వాత మరో ఆపరేషన్ చేసి దాని స్థానంలో ఇంప్లాంట్ పెట్టడం. ఆళ్లగడ్డ నుంచో నంద్యాల చుట్టుపక్కల పల్లెల నుంచో హైదరాబాద్‌కో తిరుపతికో వెళ్లి వైద్యం చేయించుకునే మహిళకు ఈ రెండింట్లో ఏది మేలు? ఇంట్లోవాళ్ల నోట చప్పున వచ్చే జవాబు ఒకటే: అంత దూరం మాటిమాటికీ తిరగలేం, ఒక్కసారితో అయిపోయేదే మంచిది. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఇప్పటిదాకా జరిగిన పరిశోధనలను, గాయం మానే తీరును పక్కపక్కన పెట్టి చూస్తే చాలామంది విషయంలో ఈ జవాబు నిలవదు. ఆసుపత్రికి దూరంగా ఉన్నవారికి రెండు విడతల పద్ధతే ఎక్కువ రక్షణ ఇస్తుందని, రేడియేషన్ తప్పనిసరి అయినప్పుడు మాత్రం ఈ రెండింటినీ పక్కనపెట్టి మూడో దారి చూడాలని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు దూరం సంగతి. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల సుమారు 40 కిలోమీటర్లు. నంద్యాల నుంచి కర్నూలు మరో 70 కిలోమీటర్ల పైమాటే. ఆళ్లగడ్డ నుంచి హైదరాబాద్ వెళ్లాలంటే 300 కిలోమీటర్లు దాటుతుంది, కడప మీదుగా తిరుపతి అయితే 200 దాటుతుంది. నంద్యాల 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైంది. 2023 సెప్టెంబరులో అక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. అయినా రొమ్ము పునర్నిర్మాణం ఒక్క సర్జన్‌తో అయ్యే పని కాదు. క్యాన్సర్ సర్జన్, ప్లాస్టిక్ సర్జన్, పాథాలజిస్టు, రేడియేషన్ నిపుణులు కలిసి కూర్చుని నిర్ణయించాలి. అలాంటి ఏర్పాటు కోసం ఈ ప్రాంతంవాళ్లు 2000లో మొదలైన హైదరాబాద్ బసవతారకం ఇండో అమెరికన్ క్యాన్సర్ ఆసుపత్రి లాంటి చోట్లకో, 2022లో టాటా ట్రస్టుల చేయూతతో తిరుపతిలో ప్రారంభమైన క్యాన్సర్ ఆసుపత్రి లాంటి చోట్లకో వెళ్లాల్సి వస్తుంది. ఒక్కో ప్రయాణానికి రోగితోపాటు తోడు ఒకరు కావాలి. ఇద్దరి బస్సు చార్జీలు, ఇద్దరి కూలి, వరినాట్లో పత్తితీతో నడిచే రోజులైతే పోయిన పని, ఇంటి దగ్గర పిల్లలను చూసుకునే మనిషి, ఇవన్నీ ఆ ప్రయాణం ఖర్చులోకే వస్తాయి. కాబట్టి ఎన్నిసార్లు వెళ్లాలన్న ప్రశ్నను చిన్నచూపు చూడడానికి వీల్లేదు. అయితే ఆ ప్రశ్నను సరిగ్గా వేసుకోవాలి.

ఎక్స్‌పాండర్ ఎలా పనిచేస్తుందో దగ్గరగా చూద్దాం. అది గట్టి సిలికాన్ పొరతో చేసిన సంచి. దాని ముందుభాగంలో సూది దిగడానికి చిన్న ద్వారం, ఆ ద్వారం వెనక సూది సంచిని చీల్చకుండా ఆపే లోహపు పలక ఉంటాయి. చాలా రకాల్లో ఆ ద్వారం చుట్టూ అయస్కాంతం కూడా ఉంటుంది. రొమ్ము తీసిన చోట, ఛాతీ కండరం కిందో పైనో ఈ సంచిని పెట్టి, కొద్దిగా మాత్రమే నింపి కుట్లు వేస్తారు. సాధారణంగా రెండు వారాల తర్వాత, గాయం కుదుటపడ్డాక అసలు పని మొదలవుతుంది. రోగిని పడుకోబెట్టి, అయస్కాంతాన్ని పసిగట్టే చిన్న సాధనాన్ని చర్మంపై కదిలిస్తే ద్వారం ఎక్కడుందో తెలుస్తుంది. అక్కడ గుర్తు పెట్టి, చర్మాన్ని శుభ్రంచేసి, సన్నని సూదితో 50 నుంచి 100 మిల్లీలీటర్ల సెలైన్ ఎక్కిస్తారు. రొమ్ము తీసిన చోట చర్మానికి స్పర్శ తగ్గి ఉంటుంది కాబట్టి సూది నొప్పి అంతగా తెలియదు. తర్వాత ఒకటి రెండు రోజులు ఛాతీ బిగదీసినట్టు ఉంటుంది. వారానికో రెండు వారాలకో ఒకసారి ఇలా చేస్తూ కావలసిన పరిమాణానికి తీసుకొస్తారు. ఆ తర్వాత కొన్ని వారాలో నెలలో ఆగి, ఎక్స్‌పాండర్ తీసి ఇంప్లాంట్ పెడతారు. చర్మం కింద బుడగ పెట్టి సాగదీయవచ్చని 1957లో ఛార్లెస్ న్యూమన్ అనే అమెరికన్ సర్జన్ చెవి పునర్నిర్మాణం కోసం చేసి చూపాడు. రొమ్ముకు దాన్ని వాడుకలోకి తెచ్చిన ఛెడోమిర్ రాడోవన్ తన అనుభవాన్ని 1982లో ప్రచురించాడు.

సాగదీయడం అన్న మాట వల్ల ఒక అపోహ కలుగుతుంది. చర్మం రబ్బరులా పలచబడుతుందేమో అనిపిస్తుంది. నిజానికి అక్కడ జరిగేదానిలో ఎక్కువ భాగం పెరుగుదలే. నెమ్మదిగా, ఆగి ఆగి లాగినప్పుడు చర్మకణాలు ఆ ఒత్తిడిని గుర్తించి విభజన చెందుతాయి. గర్భిణి పొట్ట మీద చర్మం పెరిగేది కూడా ఈ విధంగానే. లోపలి పొర కొంత పలచబడుతుంది గానీ పైపొర పలచబడదు. అంతకన్నా ముఖ్యమైన మార్పు ఇంకొకటి ఉంది. సంచి చుట్టూ శరీరం ఒక పొరను కట్టుకుంటుంది, ఆ పొరలోకి కొత్త రక్తనాళాలు వస్తాయి. రొమ్ము తీసేటప్పుడు చర్మానికి లోపలి నుంచి వచ్చే రక్తనాళాలు చాలావరకు తెగిపోతాయి. మిగిలిన పలచని చర్మం అంచుల నుంచి వచ్చే రక్తం మీదే బతకాలి. ఆపరేషన్ తర్వాతి తొలి రెండు వారాలు ఆ చర్మానికి పరీక్షాకాలం. ఆ సమయంలో దాని మీద బరువు, బిగుతు ఎంత తక్కువగా ఉంటే అది అంత బాగా బతుకుతుంది. సగం ఖాళీగా ఉన్న ఎక్స్‌పాండర్ చర్మానికి ఆ వెసులుబాటు ఇస్తుంది. చర్మం నల్లబడుతున్నట్టు కనిపిస్తే లోపలున్న సెలైన్‌ను కొంత తీసేసి ఒత్తిడి ఇంకా తగ్గించవచ్చు. పూర్తి పరిమాణంలో ఉన్న ఇంప్లాంట్‌కు ఆ వీలు లేదు.

అలాగని ఒక్క విడతలో ఇంప్లాంట్ పెట్టడం తప్పుడు పద్ధతి కాదు. 1962లో అమెరికాలోని హ్యూస్టన్‌లో థామస్ క్రోనిన్, ఫ్రాంక్ గెరో మొదటి సిలికాన్ ఇంప్లాంట్ పెట్టినప్పటి నుంచి ఈ రంగం చాలా దూరం వచ్చింది. ఇప్పుడు చర్మాన్ని, కొందరిలో చనుమొననూ ఉంచి లోపలి కణజాలాన్ని మాత్రమే తీయడం సాధ్యమైంది. చిన్న లేదా మధ్యస్థ పరిమాణం రొమ్ము, ఆరోగ్యంగా ఉన్న దళసరి చర్మం, మధుమేహం లేని ఒళ్లు, పొగాకు అలవాటు లేకపోవడం, ఆపరేషన్ బల్ల మీద చర్మం అంచుల దాకా రక్తం అందుతున్నట్టు కనిపించడం, ఇవన్నీ కలిసివస్తే ఒక్క విడతలోనే మంచి ఫలితం వస్తుంది. ఇంప్లాంట్‌ను కింది నుంచి పట్టి ఉంచడానికి చాలాచోట్ల కణాలు తొలగించిన చర్మపు పొరను కుడతారు. అది మనిషి చర్మం నుంచో పంది చర్మం నుంచో తయారవుతుంది. దాని ధర ఎక్కువ. అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకునే హక్కు పెట్టించుకునే మహిళకు ఉంది. పొగాకు విషయంలో ఒక మాట చెప్పాలి. చుట్ట తాగినా, పొగాకు నమిలినా ఒంట్లోకి చేరే నికోటిన్ ఒకటే. అది చర్మంలోని సన్నని రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. ఈ అలవాటు ఉన్నవారు సర్జన్‌కు దాచకుండా చెప్పాలి, ఆపరేషన్‌కు వారాల ముందే మానాలి.

రెండు పద్ధతులనూ నేరుగా పోల్చిన పరిశోధనల్లో నెదర్లాండ్స్ ఆసుపత్రులు కలిసి చేసినది ప్రధానమైనది. అందులో ఎవరికి ఏ పద్ధతి అన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. కొందరికి పంది చర్మపు పొరతో ఒక్క విడతలోనే ఇంప్లాంట్ పెట్టారు, మిగతావారికి ఎక్స్‌పాండర్‌తో రెండు విడతల్లో చేశారు. 2017లో వెలువడిన ఫలితాల్లో, ఒక్క విడతలో చేసిన 91 రొమ్ముల్లో 26 చోట్ల తీవ్రమైన ఇబ్బందులు వచ్చాయి. రెండు విడతల్లో చేసిన 92లో అలాంటివి 5 మాత్రమే. అదే ఏడాది అమెరికా, కెనడాలలోని 11 కేంద్రాల నుంచి వచ్చిన మరో పరిశీలనలో మాత్రం రెండు పద్ధతుల మధ్య ఇబ్బందుల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేస్తున్నాయని అనుకోనక్కర్లేదు. రెండో పరిశీలనలో లాటరీ లేదు. ఒక్క విడతకు ఎవరు తగినవారో సర్జన్లే చూసి ఎంచుకున్నారు. అలా ఎంపికైనవారు సుమారు 100 మంది కాగా, ఎక్స్‌పాండర్ పెట్టించుకున్నవారు 1,300 మందికి పైగా ఉన్నారు. రెండూ కలిపి చదివితే తేలేది ఇదీ: బాగా తగినవారిని ఏరి, చేయి తిరిగిన సర్జన్ చేస్తే ఒక్క విడత పద్ధతి సురక్షితమే. ఆ వడపోత లేకుండా అందరికీ చేస్తే తీవ్రమైన ఇబ్బందులు పెరుగుతాయి.

ఇక్కడే దూరం లెక్క మారుతుంది. ఆసుపత్రి ప్రయాణాలు రెండు రకాలు. ఫలానా రోజు రమ్మని ముందే చెప్పినవి కొన్ని, అనుకోకుండా పరుగెత్తాల్సినవి కొన్ని. ఎక్స్‌పాండర్ వల్ల పెరిగే ప్రయాణాలన్నీ మొదటి రకం. తేదీ ముందే తెలుస్తుంది, పని సర్దుకోవచ్చు, కీమోథెరపీకి (కీమో) వెళ్లే రోజునే సెలైన్ కూడా ఎక్కించమని అడగవచ్చు. ఒకటి రెండు రోజులు ఆలస్యమైనా ప్రమాదం లేదు. చర్మం చచ్చిపోవడం, కుట్లు విడిపోవడం, ఇంప్లాంట్ చుట్టూ చీము పట్టడం లాంటివి రెండో రకం ప్రయాణాలకు కారణాలు. రొమ్ము మీద ఎరుపు, వేడి, జ్వరం, కుట్ల దగ్గర నీరు కారడం, చర్మం నల్లబడటం కనిపిస్తే గంటలు లెక్కపెట్టుకోవాలి. వెంటనే చూస్తే మందులతోనో చిన్న శుభ్రపరిచే ఆపరేషన్‌తోనో ఇంప్లాంట్‌ను కాపాడే అవకాశం ఉంటుంది. రెండు రోజులు ఆగితే దాన్ని తీసేయాల్సి రావచ్చు. అంతకన్నా పెద్ద నష్టం, ఆ గాయం మానేదాకా కీమో వాయిదా పడటం. ఆపరేషన్ తర్వాత కీమో మొదలుపెట్టడానికి 3 నెలలు దాటితే బతికే అవకాశాలు తగ్గుతున్నాయని పెద్ద పరిశీలనల్లో తేలింది. జూబ్లీహిల్స్‌లో ఉండే మహిళ ఆటో ఎక్కితే ఆసుపత్రి చేరుతుంది. అహోబిలం దగ్గరి పల్లెలో రాత్రి జ్వరం వచ్చిన మహిళ తెల్లారేదాకా ఆగి, ఆళ్లగడ్డ వచ్చి, నంద్యాల చేరి, అక్కడి నుంచి పెద్ద ఊరికి బయల్దేరాలి. ఆమెకు ప్రయాణాల సంఖ్య తగ్గించడం కన్నా, అత్యవసర ప్రయాణం రాకుండా చూడటం ముఖ్యం. ఎక్స్‌పాండర్‌కూ చీము పట్టవచ్చు, అది ప్రమాదాన్ని పూర్తిగా తొలగించదు. కానీ చర్మం బతకడమే కష్టమైన తొలి వారాల్లో అది పెట్టే భారం తక్కువ.

ఈ లెక్కనంతా తారుమారు చేయగలిగింది రేడియేషన్. మన ఊళ్లలో కరెంటు పెట్టడం అంటారు. గడ్డ 5 సెంటీమీటర్లు దాటినా, చంకలోని గ్రంథుల్లో 4 లేదా అంతకన్నా ఎక్కువ వాటికి క్యాన్సర్ పాకినా, రొమ్ము తీసేశాక కూడా రేడియేషన్ ఇస్తారు. అంతకన్నా తక్కువ గ్రంథులకు పాకినవారిలోనూ చాలామందికి అవసరమవుతుంది. 2022లో మన దేశంలో సుమారు 1.92 లక్షల మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన విభాగం అంచనా. వీరిలో చాలామంది గడ్డ పెద్దదయ్యాకే డాక్టర్ దగ్గరికి వస్తున్నారు. అంటే మన దగ్గర రేడియేషన్ అవసరమయ్యేవారు ఎక్కువే. రేడియేషన్ క్యాన్సర్ కణాలతోపాటు చర్మంలోని సన్నని రక్తనాళాలనూ దెబ్బతీస్తుంది, కణజాలాన్ని గట్టిపరుస్తుంది. ఇంప్లాంట్ చుట్టూ శరీరం కట్టే పొర బిగుసుకుని రొమ్ము రాయిలా గట్టిపడి, పైకి లాగి, నొప్పి పెడుతుంది. అమెరికా, కెనడా కేంద్రాల నుంచి 2018లో వచ్చిన ఫలితాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. రేడియేషన్ తీసుకుని, ఇంప్లాంట్ ఆధారంగా పునర్నిర్మాణం చేయించుకున్నవారిలో రెండేళ్లలోపు 18.7 శాతం మందికి ఆ పునర్నిర్మాణం విఫలమైంది. రేడియేషన్ తీసుకున్నా, పొట్ట, వీపు లాంటి చోట్ల నుంచి తెచ్చిన సొంత కణజాలంతో చేయించుకున్నవారిలో విఫలమైంది 1 శాతం మందికే. రేడియేషన్ లేనివారిలో ఈ తేడా స్వల్పం: ఇంప్లాంట్‌తో 3.7 శాతం, సొంత కణజాలంతో 2.4 శాతం.

ఈ అంకెల వల్ల అసలు ప్రశ్నే మారిపోతుంది. రేడియేషన్ ఖాయమని ముందే తెలిస్తే, ఒక్క విడతా రెండు విడతలా అని తర్జనభర్జన పడటం కన్నా సొంత కణజాలం గురించి అడగడం మేలు. ఇందులోనూ రకాలున్నాయి. వీపు కండరాన్ని చర్మంతో సహా ముందుకు తిప్పి రొమ్ముగా మలచడం ఒకటి. పొట్ట కింది కొవ్వునూ చర్మాన్నీ పొట్ట కండరంతో కలిపి పైకి తేవడం 1982లో కార్ల్ హార్ట్రాంఫ్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. కండరాన్ని అక్కడే ఉంచి, కొవ్వునూ చర్మాన్నీ రక్తనాళంతో సహా వేరుచేసి, సూక్ష్మదర్శిని కింద ఛాతీలోని రక్తనాళానికి అతకడం తర్వాత వచ్చిన మెరుగైన పద్ధతి. మన ప్రాంతపు మహిళలు ఇక్కడ తమ పనిని డాక్టర్‌కు వివరంగా చెప్పాలి. బిందెలు ఎత్తేవాళ్లు, నాట్లలో రోజంతా వంగి పనిచేసేవాళ్లు, పత్తి మూటలు మోసేవాళ్లు తమ వీపు, పొట్ట కండరాల బలం మీదే బతుకుతున్నారు. పొట్ట కండరం తీస్తే బరువులెత్తేటప్పుడు పట్టు తగ్గుతుంది, పొట్టగోడ ఉబ్బడమో హెర్నియా రావడమో జరగవచ్చు. వీపు కండరం తీస్తే రోజువారీ పనులకు పెద్దగా అడ్డం రాకపోయినా, చేయి పైకెత్తి లాగే పనుల్లో బలం తగ్గినట్టు తెలుస్తుంది. కండరాన్ని ఉంచే పద్ధతి వీరికి మేలు. కానీ దానికి గంటల తరబడి ఆపరేషన్, సూక్ష్మ శస్త్రచికిత్సలో నైపుణ్యం ఉన్న బృందం కావాలి. అది ఒక్కసారే చేసే పెద్ద ప్రయాణం. అందుకే తొందరపడకుండా, రేడియేషన్ పూర్తయి చర్మం కుదుటపడ్డాక, సుమారు 6 నెలలకో ఏడాదికో చేయించుకోవచ్చు.

రేడియేషన్ అవసరమా కాదా అన్నది రొమ్ము తీసి, కణజాలాన్ని పరీక్షించాక గానీ తేలని సందర్భాలూ ఉంటాయి. ఎక్స్‌పాండర్ అసలైన విలువ ఇక్కడ కనిపిస్తుంది. హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్ సర్జన్లు 2000 తర్వాతి తొలి ఏళ్లలో ఒక క్రమాన్ని రూపొందించారు. రొమ్ము తీసినప్పుడే ఎక్స్‌పాండర్ పెట్టి చర్మం ముడుచుకుపోకుండా ఆపుతారు. పాథాలజీ రిపోర్టులో రేడియేషన్ అక్కర్లేదని తేలితే అప్పుడే పునర్నిర్మాణం పూర్తి చేస్తారు. కావాలని తేలితే సెలైన్ తీసి చదును చేసి, రేడియేషన్ ఇచ్చి, తర్వాత సొంత కణజాలంతో కడతారు. నిర్ణయం మార్చుకునే వీలును ఎక్స్‌పాండర్ మిగులుస్తుంది. ఇంప్లాంట్ పెట్టేశాక రిపోర్టు మరోలా వస్తే ఆ వీలు చాలావరకు పోతుంది.

ఈ వాదనకు గట్టి అభ్యంతరం ఒకటుంది. చెప్పి రమ్మన్న ప్రయాణాలైనా సరే, సెలైన్ కోసమే నాలుగైదుసార్లు హైదరాబాద్ వెళ్లడం కూలి చేసుకునే మహిళకు సాధ్యమా? మధ్యలో ఆగిపోతే సగం నిండిన సంచితో మిగిలిపోదా? ఈ బెంగ నిజమైనదే. ప్రయాణాలే లేకుండా చేయాలని ప్రపంచంలో ప్రయత్నం జరిగింది కూడా. చేతిలోని చిన్న రిమోట్ నొక్కితే లోపలి గుళిక నుంచి కార్బన్ డయాక్సైడ్ విడుదలై దానంతటదే పెరిగే ఎక్స్‌పాండర్‌కు 2016 చివర్లో అమెరికా అనుమతి వచ్చింది. ఆ కంపెనీ 2019లో మూతపడింది. కాబట్టి పరిష్కారాన్ని పరికరంలో కాక, ఆసుపత్రుల మధ్య పనిని పంచుకోవడంలో వెతకాలి. సెలైన్ ఎక్కించడానికి ఆపరేషన్ థియేటర్ అక్కర్లేదు, మత్తు అక్కర్లేదు. శుభ్రమైన డ్రెస్సింగ్ గది, ద్వారం కనిపెట్టే అయస్కాంత సాధనం, సన్నని సూది, సెలైన్ సీసా, శిక్షణ పొందిన సర్జన్ ఉంటే చాలు. నంద్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, అక్కడ జనరల్ సర్జన్లు ఉన్నారు. ఆపరేషన్ చేసిన ఆసుపత్రి ఎక్స్‌పాండర్ రకం, ఇప్పటిదాకా ఎక్కించిన పరిమాణం, తర్వాత ఎంత ఎక్కించాలో రాసిన కార్డు రోగి చేతికిచ్చి, అనుమానం వస్తే ఫోన్‌లో ఫొటో చూసి సలహా చెప్పే ఏర్పాటు చేస్తే, ఆళ్లగడ్డ మహిళ ఉదయం బస్సెక్కి నంద్యాలలో సెలైన్ ఎక్కించుకుని మధ్యాహ్నానికల్లా ఇంటికి చేరవచ్చు. ఇన్ఫెక్షన్ లక్షణాలను తొలి గంటల్లోనే పసిగట్టేందుకూ అదే గది, అదే సర్జన్ పనికొస్తారు. ఒక్క విడత పద్ధతిలో జరిగే ఆపరేషన్‌ను నంద్యాలకు తేవడం కష్టం. రెండు విడతల పద్ధతిలో ఎక్కువ ప్రయాణాలు పెట్టే భాగాన్ని నంద్యాలకు తేవడం తేలిక. దూరంగా ఉన్నవారికి ఎక్స్‌పాండర్ మేలని చెప్పడానికి నా ప్రధాన కారణం ఇదే.

రెండో అభ్యంతరం ఎక్స్‌పాండర్ లోపాల గురించి. రెండోసారి మత్తు తీసుకోవాలి, రెండో ఆపరేషన్ ఖర్చు ఉంటుంది. నెలలపాటు ఛాతీలో గట్టి వస్తువు ఉన్నట్టే ఉంటుంది, బోర్లా పడుకోవడం కుదరదు. అయస్కాంతం ఉన్న రకాలతో ఎం.ఆర్.ఐ. తీయించుకోకూడదు, కాబట్టి ఏ స్కాన్‌కు వెళ్లినా ముందే చెప్పాలి. ఇవన్నీ వాస్తవాలే. కానీ ఒక్క విడత పద్ధతి కూడా నిజంగా ఒక్కసారితో ముగిసిపోదని గుర్తుంచుకోవాలి. ఇంప్లాంట్ జీవితాంతం ఉండే వస్తువు కాదు. పగలడం, పక్కకు జరగడం, చుట్టూ పొర బిగుసుకోవడం వల్ల ఎప్పుడో ఒకప్పుడు దాన్ని మార్చాల్సి రావచ్చు. సిలికాన్ ఇంప్లాంట్ పెట్టిన 5, 6 ఏళ్లకు ఒకసారి, ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి స్కాన్‌తో చూసుకోవాలని అమెరికా ఆహార, ఔషధ సంస్థ సూచిస్తోంది. నలభైల్లో ఇంప్లాంట్ పెట్టించుకునే మహిళ మరో ఆపరేషన్‌కు సిద్ధపడే నిర్ణయం తీసుకోవాలి.

సిలికాన్ ప్రమాదకరమన్న భయం కూడా చాలామందిలో ఉంది. దానికి చరిత్ర ఉంది. సిలికాన్ జెల్ ఇంప్లాంట్ల వాడకాన్ని 1992లో అమెరికా చాలావరకు ఆపేసింది. అవి ఒళ్లంతా పాకే జబ్బులకు కారణమవుతున్నాయనడానికి ఆధారం లేదని 1999లో అక్కడి వైద్య నిపుణుల సంస్థ తేల్చింది. 2006లో మళ్లీ అనుమతించారు. ఆ తర్వాత నిజమైన ప్రమాదం ఒకటి బయటపడింది. గరుకు పైపొర ఉన్న ఇంప్లాంట్ల చుట్టూ అరుదుగా లింఫోమా అనే ఒక రకం క్యాన్సర్ వస్తోందని తేలింది. 2019 జూలైలో ఒక కంపెనీ తన గరుకు ఇంప్లాంట్లను, అదే రకం పైపొర ఉన్న ఎక్స్‌పాండర్లను ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. ఏళ్ల తర్వాత రొమ్ము ఒక్కసారిగా ఉబ్బితే, నీరు చేరితే తప్పక పరీక్ష చేయించుకోవాలి. తొలిదశలో గుర్తించి ఇంప్లాంట్‌నూ చుట్టూ ఉన్న పొరనూ పూర్తిగా తీసేస్తే ఎక్కువమందికి నయమవుతుంది. ఇప్పుడు నునుపు పైపొర ఉన్న రకాలు దొరుకుతున్నాయి. తనకు ఏ రకం పెడుతున్నారో అడగడం, దాని వివరాల కార్డును ఆధార్ కార్డుతో సమానంగా దాచుకోవడం ప్రతి మహిళా చేయాల్సిన పని. పునర్నిర్మాణం చేస్తే క్యాన్సర్ తిరగబెట్టడం కనిపించదన్న భయానికి మాత్రం ఆధారం లేదు. తిరగబెట్టేది ఎక్కువగా చర్మంలో, దాని కింద. ఇంప్లాంట్ వాటి వెనక ఉంటుంది కాబట్టి చేతితో తడిమి చూడటానికి అడ్డం రాదు.

మరికొందరు ఇంకా ముందుకెళ్లి, ప్రాణం దక్కితే చాలదా, ఈ వయసులో ఇదంతా ఎందుకు అంటారు. ఈ మాట తరచూ ఆ మహిళ నోటి నుంచి కాక, ఆమె పక్కనున్నవారి నోటి నుంచి వస్తుంది. ఆ నిర్ణయం ఆమెదే కావాలి. పునర్నిర్మాణం వద్దనుకుని చదును ఛాతీతో ఉండటం పూర్తిగా గౌరవప్రదమైన, వైద్యపరంగా అన్నిటికన్నా తేలికైన దారి. బయట పెట్టుకునే కృత్రిమ రొమ్ము కూడా ఉంది. 43, 44 డిగ్రీల నంద్యాల ఎండల్లో బరువైన సిలికాన్ రకం చెమటతో చిరాకు పెడుతుంది గనుక, నూలుతో అల్లిన తేలికపాటివి ఇక్కడ నయం. కానీ వద్దనుకోవడానికీ, ఉందని తెలియక వదులుకోవడానికీ తేడా ఉంది. రవిక కుదరక పైట సర్దుకుంటూ పెళ్లిళ్లకు, పేరంటాలకు మానేసే మహిళకు ఇది అలంకారం కాదు. నలుగురిలో తలెత్తుకుని తిరగడానికి సంబంధించిన విషయం. పైగా ఈ దారి రొమ్ము తీసిన రోజే మూసుకుపోదు. చికిత్స అంతా ముగిశాక, ఏళ్ల తర్వాత కూడా సొంత కణజాలంతోనో, ఎక్స్‌పాండర్‌తోనో చేయించుకోవచ్చు.

కాబట్టి ఆపరేషన్ తేదీ ఖాయం కాకముందే ఈ ప్రశ్నలు అడగాలి. నాకు రేడియేషన్ పడే అవకాశం ఎంత? నా చర్మం, నా రొమ్ము పరిమాణం, నా షుగరు చూసి ఒక్క విడతకు నేను తగినదాన్నేనా, ఎందుకు? నేను చేసే పనికి వీపు కండరం, పొట్ట కండరం ఎంత ముఖ్యం? రాత్రి జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి, నంద్యాలలో ఎవరు చూస్తారు? ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కూడా కూర్చోబెట్టి అడగాలి: ప్రభుత్వ పథకమైన ఎన్టీఆర్ వైద్య సేవలో ఎక్స్‌పాండర్ ధర, ఇంప్లాంట్ ధర, రెండో ఆపరేషన్, ఇబ్బంది వస్తే మళ్లీ చేరడం, వీటిలో ఏవి కలుస్తాయి, ఏవి మన చేతి నుంచి పడతాయి? రేడియేషన్ అక్కర్లేని, ఆసుపత్రికి దూరంగా ఉండే చాలామంది మహిళలకు ఈ ప్రశ్నల చివర ఎక్స్‌పాండరే తేలుతుంది. అన్నీ కలిసివచ్చిన కొద్దిమందికి ఒక్క విడత ఇంప్లాంట్ సరిపోతుంది. రేడియేషన్ ఖాయమైనవారికి సొంత కణజాలమో, ఆగి చేయించుకోవడమో మేలు. ఈ ఎంపిక పేపరు మీద కాక ఆచరణలో సాధ్యం కావాలంటే నంద్యాల వైద్య కళాశాలలో ఒక డ్రెస్సింగ్ గది, శిక్షణ పొందిన ఒకరిద్దరు సర్జన్లు, పెద్ద ఆసుపత్రులతో ఒక రాతపూర్వకమైన ఒప్పందం కావాలి. పెద్ద భవనాలకు, ఖరీదైన యంత్రాలకు అయ్యే ఖర్చుతో పోలిస్తే ఇది చాలా చిన్న కోరిక. జిల్లా వచ్చింది, కళాశాల వచ్చింది. ఆళ్లగడ్డ మహిళ తన శరీరానికి ఏది మంచిదో చూసి నిర్ణయించుకునే పరిస్థితిని కూడా అవే తేవాలి.